మార్చిలో నల్లమల: పులి కనిపిస్తుందా, పిల్లలకు ఏం చూపించాలి?

మీరు అడిగింది ఇదీ: మార్చి ఆఖరి వారంలో హైదరాబాద్ నుంచి కారులో శ్రీశైలం వెళ్తున్నారు, పదేళ్ళ బాబు, ఏడేళ్ళ పాప వెంట ఉంటారు. ఒక పూట సఫారీకి పెట్టుకోవాలని ఉంది. పులి కనిపిస్తుందా, కనిపించకపోతే డబ్బులు దండగేనా, ఆకులు రాలిపోయిన అడవిలో పిల్లలకు చూపించడానికి ఇంకేం ఉంటుంది? చివర్లో మీ బాబు అడగమన్న ప్రశ్న ఒకటి ఉంది: "పులి మనకు కనిపించకపోయినా, మనం పులికి కనిపిస్తామా?"

సూటిగా చెప్తాను. ఒక్క పూట సఫారీలో పులి కనిపించే అవకాశం చాలా తక్కువ. అయినా వెళ్ళండి, మార్చిలోనే వెళ్ళండి. నేను అటవీ శాఖలో బీట్ ఆఫీసర్‌గా చేరి సెక్షన్ ఆఫీసర్‌గా రిటైర్ అయ్యాను. అందులో ఇరవై ఆరేళ్ళు నల్లమలలోనే గడిచాయి. అన్నేళ్ళలో పులిని కళ్ళారా చూసింది తొమ్మిది సార్లు. అన్నీ కలిపినా అరగంట దాటదు. అడవిలోనే ఉండి, అడవిలోనే పడుకున్నవాడి లెక్క ఇది. మూడు గంటలు జీపులో తిరిగే పిల్లలకు పులిని చూపిస్తానని ముందే మాట ఇవ్వకండి.

ఎందుకు కనిపించదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే "అసలు అక్కడ పులులే లేవు" అని చాలామంది తేల్చేస్తుంటారు. పులులున్నాయి. 2022 గణనలో ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 21 తేలాయి. 2018లో ఆంధ్రప్రదేశ్ లెక్క 48 మాత్రమే, అంటే అక్కడ పెరిగాయి. తెలంగాణలో 26 నుంచి 21కి తగ్గాయి. ఇక అడవి విస్తీర్ణం చూడండి. నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ దాదాపు 3,296 చదరపు కిలోమీటర్లు, కృష్ణకు ఇవతల, తెలంగాణ వైపు, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మరో 2,611. రాష్ట్రం విడిపోకముందు రెండూ ఒకటే రిజర్వ్. రెండు రాష్ట్రాల పులులన్నీ అక్కడే ఉన్నాయనుకున్నా వంద చదరపు కిలోమీటర్లకు రెండు కూడా రావు. అదీ చదునైన నేల కాదు. కొండలు, లోయలు, నిట్టనిలువు కృష్ణా గట్లు, వెదురు పొదలు. బైరాని కొండ, గుండ్ల బ్రహ్మేశ్వరం లాంటి శిఖరాలు 900 మీటర్లు దాటుతాయి. మహారాష్ట్రలో తాడోబా వెళ్ళొచ్చిన వాళ్ళు ఇక్కడికొచ్చి నిరాశపడతారు. అక్కడ గడ్డి మైదానాలు, చెరువులు ఉన్నాయి, పులులకు జీపులు అలవాటయ్యాయి. మన పులికి ఆ అలవాటు లేదు. ఇంజన్ చప్పుడు వినగానే పక్కకు తప్పుకుంటుంది.

ఇంకో సంగతి, ఇక్కడ మేత జంతువులు కూడా పల్చగానే ఉంటాయి. పెద్దపులికి ఏడాదికి సుమారు యాభై దుప్పులంతటి వేట కావాలి. దుప్పి పెరగాలంటే గడ్డి కావాలి, వేసవిలో నీళ్ళు కావాలి. నల్లమలలో నాలుగు నెలలు వానలు, మిగతా కాలమంతా ఎండ. గడ్డి ఫిబ్రవరికే ఎండుతుంది, మార్చిలో నిప్పు పడితే అదీ పోతుంది. దానికి తోడు ఊళ్ళ అంచుల్లో పశువుల మందలు, లాంటానా కంప కమ్మేసిన చోట్లు. కాబట్టి పులుల సంఖ్య గురించి నన్నెవరైనా అడిగితే నేను ముందు గడ్డి సంగతి అడుగుతాను.

ఇక మార్చి ఎందుకు మంచిదంటే. ఆకు రాలి ఉంటుంది కాబట్టి చూపు దూరం పోతుంది. వాగులు ఎండి ఉంటాయి కాబట్టి జంతువులు మిగిలిన కుంటలకూ చెలమలకూ రాక తప్పదు. చెట్లేమో సరిగ్గా అప్పుడే పూత మీద ఉంటాయి. వర్షాకాలం తర్వాత పచ్చగా కళ్ళకు చాలా బాగుంటుంది గానీ, పది అడుగుల అవతల కణితి (సాంబర్ జింక) నిలబడి ఉన్నా కనబడదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ కూడా ఉండదు.

పిల్లలకు ముందు చెట్లు చూపించండి, జంతువుల్లా అవి పారిపోవు.

మొదట తపసి చెట్టు. రాళ్ళ గుట్టల మీద, ఒక్క ఆకు లేకుండా, తెల్లగా మెరుస్తూ నిలబడి ఉంటుంది. సాయంత్రం ఎండ పడితే బెరడు కాస్త గులాబీ రంగు తిరుగుతుంది. దగ్గరికి వెళ్తే బెరడు పలచటి కాగితంలా పొరలు పొరలుగా లేస్తుంటుంది. కొమ్మల చివర ఐదు రెక్కల నక్షత్రంలా ఎర్రటి కాయలు ఉంటాయి. అవి మాత్రం ముట్టుకోనివ్వకండి, పైనున్న నూగు గుచ్చుకుంటే మంట. ఈ చెట్టు బంకనే తపసి బంక అంటారు. చెంచులు సేకరించి గిరిజన కో-ఆపరేటివ్ కార్పొరేషన్‌కు అమ్ముతారు. ఒకప్పుడు లోతుగా గాట్లు పెట్టి బంక తీయడంతో చాలా చెట్లు చచ్చిపోయాయి. తర్వాత చిన్న గాటు పెట్టి, మాననిచ్చి, మళ్ళీ తీసే పద్ధతి నేర్పారు. పాత గాట్లు మానిన మచ్చలు కాండం మీద ఇప్పటికీ కనిపిస్తాయి. మీ పాపకు చూపించండి, చెట్టుకు కూడా గాయం మానుతుందని తెలుస్తుంది.

తర్వాత నల్లమద్ది. బెరడు అచ్చం మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది, పిల్లలు ఒకసారి చూస్తే మళ్ళీ మర్చిపోరు. ఈ చెట్టు కొన్నిసార్లు కాండంలో నీళ్ళు నిలవ ఉంచుకుంటుంది. 2024లో పాపికొండల్లో కొండరెడ్లు చూపించిన నల్లమద్దికి గాటు పెడితే నీళ్ళు ధారగా కారిన వీడియో మీరు చూసే ఉంటారు. మీరు మాత్రం ఏ చెట్టుకూ గాటు పెట్టకూడదు, అది నేరం. దాని పక్కనే నున్నటి బూడిదరంగు బెరడుతో తిరుమాను ఉంటుంది. ఆ రెండిటినీ విడివిడిగా గుర్తుపట్టగలిగితే నల్లమలలో సగం చెట్లు తెలిసినట్టే, అంత విరివిగా ఉంటాయి. ఎర్రటి రాతినేలలో యేపి చెట్లు గుంపులుగా వస్తాయి. ఆకు రెండు చీలికలుగా, ఆవు గిట్ట ముద్రలా ఉంటుంది.

పూలలో మోదుగ, బూరుగ, కొండగోగు మూడూ మీరు వెళ్ళే వారానికి పూత చివర్లో ఉండొచ్చు. ఆకు లేని కొమ్మల మీద అరచేయంత పసుపు పువ్వు కనిపిస్తే అది కొండగోగు. బూరుగ పువ్వులు దిట్టంగా ఉంటాయి, రాలితే దుప్పులు వచ్చి తింటాయి. పైన కొండముచ్చులు సగం తిని సగం పడేస్తుంటాయి, కింద దుప్పులు ఏరుకుంటుంటాయి. ఆ దృశ్యం దొరికితే జీపు ఆపమని అడగండి, పది నిమిషాలు కదలొద్దు. కొండముచ్చుకు పైనుంచి చూపు, దుప్పికి కిందనుంచి వాసన. పులి వస్తే రెండింటిలో ఎవరికి ముందు తెలిసినా రెండోదానికి కబురు అందుతుంది.

ఇప్ప గురించి ఒక పేరా అయినా రాయకపోతే నల్లమల గురించి చెప్పినట్టు కాదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పపూలు టపటపా రాలతాయి. లేత పసుపు రంగు, ముద్దగా, ద్రాక్షపండంత. తెల్లారేసరికి చెట్టు కింద చాప పరిచినట్టుంటుంది, తీపి వాసన వంద గజాల దాకా వస్తుంది. ఆ పూల కోసం మనుషులూ వస్తారు, దుప్పులూ వస్తాయి, ఎలుగుబంట్లూ వస్తాయి. నా సర్వీసులో నేను చూసిన పెద్ద గాయాలు దాదాపు అన్నీ ఎలుగుబంటి చేసినవే, పులి చేసినవి కావు. తెల్లవారుజామున మసక వెలుతురులో పూలేరడానికి వంగిన మనిషి, అదే చెట్టు అవతల తల వంచి తింటున్న ఎలుగు. ఒకరికొకరు తెలియకుండా దగ్గరైపోతారు. ఎలుగు భయపడితే పారిపోదు, మీద పడుతుంది. నల్లమలలో కాలినడకన వెళ్ళేవాళ్ళు భయపడాల్సింది పులికంటే ముందు ఎలుగుబంటికి. నడిచేటప్పుడు మాట్లాడుకుంటూ, కర్రతో చప్పుడు చేస్తూ నడవమని చెంచులు చెప్పేది అందుకే.

అలాగని పిల్లలకు ఎలుగంటే భయం నూరిపోయకండి. చలికాలంలో పుట్టిన పిల్లలు మార్చికల్లా తల్లి వీపు మీద ఎక్కి తిరుగుతుంటాయి. తల్లి వీపు మీద వెంట్రుకలు పట్టుకుని రెండు నల్లటి ఉండల్లా కూర్చుంటాయి. ఎలుగుకు పై పళ్ళలో మధ్య రెండు ఉండవు. ఆ సందులోంచే పుట్టలోని చెదపురుగులను పీల్చేస్తుంది. ఆ పీల్చే చప్పుడు రాత్రిపూట చాలా దూరం వినిపిస్తుంది, మొదటిసారి విన్నప్పుడు ఎక్కడో పంపు సెట్టు పాడైందేమో అనుకున్నాను. దారి పక్కన పుట్ట ఒకవైపు తవ్వేసి, గుండ్రంగా బొక్క పడి ఉంటే అది ఎలుగు పని. సఫారీలో ఇలాంటివి తప్పకుండా కనిపిస్తాయి, గైడును అడగండి.

మిగతా జంతువుల సంగతి త్వరగా చెప్పేస్తాను. చుక్కల దుప్పి, అడవిపంది, కొండముచ్చు, నెమలి దాదాపు ఖాయం. కణితి, మనుబోతు (నీల్‌గాయ్) అదృష్టాన్ని బట్టి. చిరుత, రేసుకుక్కలు (అడవి కుక్కలు) అరుదు. బెట్లుడుతను మాత్రం పిల్లలకు ఎలాగైనా చూపించాలి, ముదురు గోధుమరంగు, శరీరమంత పొడవు తోక, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు గాల్లో దూకుతుంది. కొండగొర్రె ఉంటుంది, మగదానికి నాలుగు కొమ్ములు. ప్రపంచంలో ఇంకే అడవి జంతువుకూ నాలుగు కొమ్ములు సహజంగా ఉండవు. అది చాలా బిడియపు జీవి. కనపడకపోయినా దాని గుర్తు దొరుకుతుంది, ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వచ్చి పెంటికలు వేస్తుంది, అవి కుప్పగా పేరుకుంటాయి. ఎన్నో ఏళ్ళ కిందటే నల్లమల నుంచి పోయిందనుకున్న అడవిదున్న 2024లో ఆత్మకూరు వైపు అడవిలో ఒంటరిగా కనిపించింది. ఆ వార్త విన్న రోజు నేను పాత సహోద్యోగులందరికీ ఫోన్లు చేశాను. ఒక్క దున్నతో మంద ఏర్పడదని తెలుసు, అయినా సంతోషం ఆగలేదు.

ఇంకొకటి, మీరు చూడలేరు గానీ పిల్లలకు కథలా చెప్పొచ్చు. నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్టు తొర్రల్లో ఒక పెద్ద సాలీడు ఉంటుంది, ఒళ్ళంతా మెరిసే నీలం రంగు. 1899లో మొదటిసారి శాస్త్రవేత్తలు దాన్ని వర్ణించింది గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒక్క సాలీడును చూసి. రైలు కలపతో పాటు అక్కడికి వచ్చి ఉంటుంది. తర్వాత వందేళ్ళ దాకా ఎవరి కంటా పడలేదు. మళ్ళీ దొరికింది 2001లో. ఇప్పుడు అది అంతరించిపోయే దశలో ఉంది. విదేశాల్లో పెంపుడు సాలీళ్ళ మోజుతో దొంగ వ్యాపారం కూడా జరుగుతుంది. పులి గురించి వందమంది మాట్లాడతారు, దీని గురించి అడిగేవాళ్ళు తక్కువ.

ఇప్పుడు పులి గుర్తులు. పులి కనిపించకపోయినా పులి ఉన్నట్టు తెలుసుకోవడం పిల్లలు నేర్చుకోగలరు.

మెత్తటి దుమ్ము ఉన్న బండి బాటలో చూడండి. పులి పాదముద్రలో గోళ్ళు కనిపించవు, నడిచేటప్పుడు లోపలికి ముడుచుకుంటుంది. రేసుకుక్క, దుమ్ములగొండి (హైనా) ముద్రల్లో గోళ్ళు పడతాయి. చిరుతదీ పులిలాగే ఉంటుంది గానీ చాలా చిన్నది. మగపులి ముద్ర చతురస్రంలా వెడల్పుగా, ఆడపులిది కాస్త పొడుగ్గా ఉంటుంది. ఇది కచ్చితమైన లెక్క కాదు. ఒకప్పుడు పాదముద్రల మీద ప్లాస్టర్ పోసి పులులను లెక్కపెట్టేవాళ్ళం, దాంట్లో పొరపాట్లు చాలా వస్తాయని తర్వాత ఆ పద్ధతి మానేశారు. ఇప్పుడు దారికి అటొకటి ఇటొకటి కెమెరాలు కడతారు. పులి చారలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండు పులులకూ ఒకటి కావు. పైగా ఒకే పులికి కుడివైపు చారలు వేరు, ఎడమవైపు వేరు. అందుకే రెండు కెమెరాలు.

ముద్ర తాజాదా పాతదా తెలుసుకోవడం నాకు నేర్పింది ఒక చెంచు వాచర్. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, నేను ఆయన్ని "మామా" అనేవాణ్ణి, ఆయన నన్ను "సారూ" అనేవాడు. ఒక ఉదయం బాటలో పెద్ద ముద్ర చూసి "ఇది ఇందాకటిది" అన్నాను. ఆయన కింద కూర్చుని ముద్ర అంచు చూపించాడు. "సారూ, రాత్రి మంచు ముద్ర లోపల కూడా పడింది చూడు. పడ్డ తర్వాత ఈ చిన్న పురుగు అడ్డంగా నడిచింది. అంటే తెల్లారకముందే పోయింది. ఇందాకటిదైతే లోపల పొడిగా ఉండాలి, అంచులు నిలబడి ఉండాలి." ముద్ర మీదుగా సన్నటి గీత, ఒక పురుగు నడిచిన జాడ. నేను దాన్ని చూడనే లేదు. అప్పటి నుంచి ముద్ర దగ్గర నిలబడి చూడటం మానేశాను, కూర్చుని చూడటం మొదలుపెట్టాను.

వాసన కూడా గుర్తే. పులి తన హద్దు తెలపడానికి చెట్ల మీదకి ఒక ద్రవం చిమ్ముతుంది. అది అచ్చం బాస్మతి అన్నం ఉడుకుతున్న వాసన వస్తుంది. ఇది ఊహ కాదు, బాస్మతి బియ్యానికి వాసననిచ్చే రసాయనమే అందులోనూ ఉంది. నడి అడవిలో ఎక్కడా పొయ్యి లేని చోట అన్నం వాసన వస్తే మేం మాటలు ఆపేసేవాళ్ళం.

చప్పుళ్ళ సంగతి. దుప్పి అరుపు పదునుగా, కీచుమన్నట్టు ఉంటుంది, అది నక్కకూ అరుస్తుంది, కుక్కకూ అరుస్తుంది. కణితి అలా కాదు. గంట కొట్టినట్టు గట్టిగా ఒక్కసారి అరిచి, కాలు నేలకేసి కొట్టి, మళ్ళీ అరిస్తే దాదాపు పులో చిరుతో ఉన్నట్టే. గైడు అప్పుడు బండి ఆపేస్తాడు. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి, ఆ రెండు నిమిషాలు చిప్స్ ప్యాకెట్ చప్పుడు కూడా ఉండకూడదని.

నేను చూసిన తొమ్మిదింటిలో ఒకటి చెప్తాను. మే నెల, పొద్దున్నే. ఎండిపోయిన వాగు ఇసుకలో ఒక చెలమ దగ్గర నీళ్ళున్నాయో లేదో చూడటానికి వెళ్ళాం. మలుపు తిరగగానే ముందున్న వాచర్ చెయ్యి వెనక్కి పెట్టి నా చొక్కా పట్టుకున్నాడు. నలభై అడుగుల్లో ఆడపులి. నీళ్ళవైపు వీపు తిప్పి, వెనక్కి వెనక్కి నడిచి, వెనక కాళ్ళు ముందు నీళ్ళలో పెట్టి మెల్లగా కూర్చుంది. మొహం మావైపు. పులులు నీళ్ళలోకి అలాగే దిగుతాయని తర్వాత చాలా ఫోటోల్లో చూశాను. ఒకసారి తల ఎత్తి మమ్మల్ని చూసి, చెవులు కదిలించి, లేచి పొదలోకి వెళ్ళిపోయింది. తొందరపడలేదు. నీళ్ళు కారిన చుక్కలు ఇసుక మీద బాట దాకా ఉన్నాయి, మేం చూస్తుండగానే ఆరిపోయాయి. మేం మాత్రం ఆ రోజంతా బాధపడ్డాం. ఆ చుట్టుపక్కల నాలుగైదు కిలోమీటర్లలో మిగిలిన నీళ్ళు అవే, మా వల్ల అది తాగకుండా వెళ్ళిందేమోనని. ఆ వేసవి నుంచి ఆ వాగు దగ్గర సాసర్ పిట్ (జంతువులు తాగడానికి పళ్ళెంలా ఉండే నీళ్ళ తొట్టి) కట్టి ట్యాంకర్‌తో నీళ్ళు నింపడం మొదలైంది.

నిప్పు గురించి గట్టిగా చెప్పాలి. మీరు వెళ్ళే వారం నిప్పులకు అసలు కాలం. ఇప్పపూలు ఏరుకోవడానికి నేల శుభ్రం చేసేవాళ్ళు, కొత్త గడ్డి కోసం తగలబెట్టేవాళ్ళు, బీడీ ఆర్పకుండా పడేసేవాళ్ళు, అన్నం వండుకుని పొయ్యి అలాగే వదిలేసేవాళ్ళు. ఒకసారి శివరాత్రికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా నడిచే యాత్రికుల దారిలో మూడు రాళ్ళ పొయ్యి ఒకటి ఆరలేదు. పై చెట్లకు ఏమీ కాలేదు, నేల నిప్పు అలాగే ఉంటుంది, మోకాలెత్తున పాకుతూ పోతుంది. మూడు రోజులు పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పాం. ఆర్పాక నడిస్తే బూడిదలో నక్షత్ర తాబేళ్ళ డిప్పలు, నేల మీద గూడు పెట్టే జిట్టకోడి గుడ్లు పగిలి నల్లబడి ఉన్నాయి. మొలకెత్తిన ఏగిస, యేపి మొక్కలు ఒక్కటీ మిగల్లేదు. బయటి నుంచి చూసేవాళ్ళకు అడవి మామూలుగానే కనిపిస్తుంది. పదేళ్ళ తర్వాత కొత్త చెట్లు లేవేంటా అని అప్పుడు అడుగుతారు. భక్తులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ దారిన కర్ణాటక నుంచి కూడా వేలమంది ఎంతో నిష్ఠతో నడుస్తారు. పొయ్యి మీద ఒక చెంబు నీళ్ళు పోసి, మట్టి కప్పి, చేత్తో తాకి చూసి వెళ్ళమని ప్రతి గుంపుకూ చెప్పేవాణ్ణి, ఇక్కడా చెప్తున్నాను.

చెంచుల గురించి మీరు అడగలేదు, కానీ సఫారీలో మీ గైడు బహుశా చెంచు అయి ఉంటాడు. వాళ్ళ గూడేన్ని పెంట అంటారు, అప్పాపూర్ పెంట, రోళ్ళపెంట అలా. అడవి కాపలా కాసే బేస్ క్యాంపుల్లో, పులుల ఆచూకీ తీసే పనిలో వాళ్ళే ముందుంటారు. కొండ తేనె తీయడానికి లోయ అంచు నుంచి తాడు వదిలి దిగేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిదే, అక్కో చెల్లో ముండమోయకుండా అతనైతే జాగ్రత్తగా పట్టుకుంటాడని. తుట్టె మొత్తం కోయరు, కొంత వదిలేస్తారు. పిల్లల్ని గైడు పక్కన కూర్చోబెట్టి ప్రశ్నలు అడగమనండి. ఫోటోల కోసం పెంటల్లోకి దూరిపోవడం మాత్రం చేయొద్దు.

ఎక్కడ వెళ్ళాలి? హైదరాబాద్ నుంచి వస్తున్నారు కాబట్టి మీకు మన్ననూరు దగ్గర ఫర్హాబాద్ సఫారీ దారిలోనే ఉంటుంది. నిజాం కాలం నాటి వేట స్థలం అది, కొండ అంచు నుంచి కింద మైదానమంతా కనిపిస్తుంది. శ్రీశైలంలో రాత్రి ఉంటే దోర్నాల రోడ్డులో తుమ్మలబయలు సఫారీ ఉంది. రెండు రోజులు వీలైతే ఆత్మకూరు వైపు బైర్లూటి క్యాంపు నా మొదటి మాట, అడవి అంచునే రాత్రి బస చేయొచ్చు. ఏదైనా పొద్దున ట్రిప్పే తీసుకోండి. మధ్యాహ్నం ఎండకు మీ పిల్లలూ అలసిపోతారు, జంతువులూ నీడకు పోతాయి. టికెట్లు, టైమింగ్స్ మారుతుంటాయి, ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి. అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు, చెక్‌పోస్టు దగ్గర ఆగిపోకుండా ప్లాన్ చేసుకోండి.

ఘాట్ రోడ్డులో కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు వేయొద్దు. వాటికోసం రోడ్డు మీదకి వచ్చి బండ్ల కింద పడి చచ్చిపోతాయి, నేను ఎన్నిటిని పక్కకు తీశానో లెక్కలేదు. కారు నలభై దాటించకండి.

ఇంకో జాగ్రత్త. అడవిలో గానీ చేల పక్కన గానీ ఏ జంతువు పిల్ల ఒంటరిగా కనిపించినా ముట్టుకోకండి, చుట్టూ మూగకండి, వెంటనే అటవీ శాఖకు చెప్పండి. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులి పిల్లలు దొరికాయి, నాలుగూ ఆడవే. కుక్కలు కరుస్తాయని ఊరివాళ్ళు మంచి మనసుతోనే గదిలో పెట్టి కాపాడారు. తర్వాత వాటిని తల్లి దగ్గరికి చేర్చడానికి రాత్రింబవళ్ళు కెమెరాలు పెట్టి వెతికారు. తల్లికి టీ-108 అని పేరు. ఎంత ప్రయత్నించినా కలపడం కుదరలేదు, పిల్లల్ని తిరుపతి జూకు తరలించాల్సి వచ్చింది. పులి పిల్లలు రెండేళ్ళ దాకా తల్లి దగ్గరే వేట నేర్చుకుంటాయి. ఆ రెండేళ్ళు మనుషులు ఇవ్వడం చాలా కష్టం.

ఇక మీ బాబు ప్రశ్న. అవును, కనిపిస్తాం. ఒక గణన సమయంలో నేను, ఇద్దరు వాచర్లు పొద్దున్నే ఒక బాటలో కెమెరాలు సరిచూసుకుంటూ నడిచాం. ఏ గుర్తూ కనిపించలేదు, ఏ అరుపూ వినపడలేదు, ఖాళీ బాట అని రిజిస్టర్‌లో రాశాను. వారం తర్వాత మెమరీ కార్డు తీసి చూస్తే మేం ముగ్గురం ఆ కెమెరా ముందు నుంచి వెళ్ళిన ఫోటో ఉంది, టైమ్ 6.31. దాని తర్వాతి ఫోటో 6.52. మేం నడిచిన వైపే తల పెట్టి, మా చెప్పుల జాడల మీదే అడుగులు వేస్తూ మగపులి.